ఊరు దాటితే... భుజాన తుపాకీ!

ఊరి చివర రోడ్డు పక్కన ఓ హెచ్చరిక బోర్డు. ఎర్రటి అంచున్న త్రికోణం, మధ్యలో నల్లటి నేపథ్యంపై తెల్లటి ఎలుగుబంటి. కింద నార్వే భాషలో 'ఇది స్వాల్‌బార్డ్ అంతటికీ వర్తిస్తుంది' అని రాసి ఉంటుంది. అది దాటి వెళ్లేవాళ్ల భుజాన కెమెరాతోపాటు తుపాకీ కూడా కనిపిస్తుంది. సైనికుడో వేటగాడో కానక్కర్లేదు. పరిశోధక విద్యార్థి కావచ్చు, మంచుమీద బళ్లు తిప్పే గైడు కావచ్చు.

నార్వేకి ఉత్తరంగా, ఆర్కిటిక్ మహాసముద్రంలో ఉన్న దీవుల సముదాయం స్వాల్‌బార్డ్. అక్కడి ప్రధాన పట్టణం లాంగియర్‌బైన్. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంటుంది. జనాభా రెండున్నర వేలు. వేసవిలో నాలుగు నెలలు సూర్యుడు అస్తమించడు. చలికాలంలో నెలల తరబడి ఉదయించడు. ధ్రువపు ఎలుగుబంటి ఎప్పుడు, ఎటునుంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఊరు దాటేవాళ్లు దాన్ని బెదిరించే సాధనం వెంట ఉంచుకోవాలన్నది చట్టం. తుపాకీ కూడా ఉంటే మంచిదన్నది గవర్నరు కార్యాలయం సలహా.

మూడక్షరాల గుట్టు

ఈ తుపాకుల్లో కొన్నింటికి పెద్ద కథే ఉంది. 1945 మేలో జర్మనీ లొంగిపోయేనాటికి నార్వేలో ఆ దేశ సైనికులు మూడున్నర లక్షల దాకా ఉన్నారు. స్వాల్‌బార్డ్‌లో వాతావరణ కేంద్రం నడుపుతున్న 11 మందికైతే ఆ ఏడాది సెప్టెంబరు 4 దాకా లొంగిపోయే వీలే చిక్కలేదు! వాళ్లంతా వదిలిన మౌజర్ రైఫిళ్లు నార్వే చేతికొచ్చాయి. సైన్యానికి అవసరం తీరాక వాటిలో చాలా వరకు వేటగాళ్లకీ, గైడ్లకీ చేరాయి.

అలాంటి తుపాకీ చేతికొస్తే ముందు చూడాల్సింది దాని ఒంటిమీది గుర్తుల్ని. తూటా కూర్చునే చోట, పైభాగాన మూడు చిన్న అక్షరాలుంటాయి. బి-వై-ఎఫ్ అంటే జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్ మౌజర్ కర్మాగారం. బి-ఎన్-జెడ్ అంటే ఆస్ట్రియాలోని స్టేయర్. కింద 43 అని ఉంటే 1943లో తయారైందని. శత్రువుకి ఫ్యాక్టరీ పేరు తెలియకూడదని జర్మన్లు పెట్టుకున్న సంకేతాలివి. వాటి పక్కనే నార్వే సైనిక విభాగాల ముద్రలూ కనిపిస్తుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు గొట్టంమీద ఉంటుంది. ఈ రైఫిల్ పుట్టింది 57 మిల్లీమీటర్ల పొడవు గుల్ల ఉన్న తూటా కోసం. యుద్ధం తర్వాత నార్వే వీటిలో చాలావాటికి గొట్టం మార్చి, 63 మిల్లీమీటర్ల గుల్ల ఉండే అమెరికా తూటాకి తగ్గట్టు చేసింది. అలా మార్చినవాటిమీద 7.62 అనే అంకె కనిపిస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాని తూటా ఇంకోదాన్లో వేస్తే మాత్రం ప్రాణాలమీదికొస్తుంది.

అర మిల్లీమీటరు లెక్క

తరవాతి పని గురి సరిచూడడం. ఈ రైఫిల్‌కి గొట్టం చివర చిన్న ఇనుప మొన, కంటివైపు 'వి' ఆకారపు గాడి ఉంటాయి. గాడి మధ్యలో మొన నిలబడాలి, దాని కొసమీద లక్ష్యం ఉండాలి. వెనకున్న పట్టీమీద 100 నుంచి 2000 మీటర్ల దాకా అంకెలుంటాయి. గొట్టమూ తూటా మారాక ఆ పాత అంకెల్ని నమ్ముకోలేం. కాల్చి చూసుకోవాల్సిందే!

మొనకీ గాడికీ మధ్య దూరం సుమారు అర మీటరు. లక్ష్యం వంద మీటర్ల దూరంలో ఉంటే అది 200 రెట్లు. అంటే మొన అర మిల్లీమీటరు జరిగితే అక్కడ గుండు 10 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. ఇక్కడో తమాషా... గుండు కుడివైపు పోతుంటే ముందున్న మొననీ కుడివైపుకే జరపాలి. పైకి పోతుంటే మరింత ఎత్తయిన మొన బిగించాలి. గుండు ఎటు పోతే మొన అటు పోవాలన్నది సూత్రం. వెనక గాడిని జరిపితే మాత్రం గుండు ఎటు పోవాలో అటే జరపాలి.

శరత్కాలంలో స్థానికులు అనుమతి తీసుకుని రెయిన్‌డీర్‌లని వేటాడతారు. దూరంనుంచి కాల్చాలి కాబట్టి కొందరు టెలిస్కోపు బిగించుకుంటారు. పాత సైనిక రైఫిల్‌కి అదంత తేలిక కాదు. ఉక్కుకి రంధ్రాలు పెట్టి మరలు చెక్కాలి. పైకి లేచే బోల్టు పిడి టెలిస్కోపుకి తగలకుండా వంచాలి. సేఫ్టీ మీటనీ మార్చాలి. ఒకసారి రంధ్రం పడ్డాక పాత వస్తువుగా దాని విలువా పోతుంది. పైగా టెలిస్కోపు అద్దానికి మంచు పట్టిందంటే ఏమీ కనిపించదు. ఎలుగుబంటి మీదికొచ్చేది దగ్గరనుంచే కాబట్టి రక్షణకి ఇనుప మొన, గాడి చాలు.

మీట నిలబడితే...

పాత తుపాకీని తెలుసుకోవడం ఎంత అవసరమో 2011 ఆగస్టులో జరిగిన విషాదం చెబుతుంది. లాంగియర్‌బైన్‌కి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, ఓ హిమానీనదం దగ్గర బ్రిటన్ విద్యార్థులు గుడారాలు వేసుకున్నారు. తెల్లవారుజామున ఎలుగుబంటి మీద పడింది. బృంద నాయకుడు మౌజర్ ఎత్తి కాల్చబోతే పేలలేదు. పేలని తూటాలు ఒక్కొక్కటే నేలమీద పడ్డాయి. కిందపడిన తూటాని ఏరి మళ్లీ వేస్తే అప్పుడు పేలింది. అప్పటికే 17 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. మరో నలుగురు గాయపడ్డారు. తర్వాత ఇంగ్లండులో జరిగిన విచారణలో సేఫ్టీ మీట సంగతీ చర్చకొచ్చింది.

ఈ రైఫిల్ సేఫ్టీ మీటకి మూడు స్థానాలు. ఎడమకి వాలితే పేలుతుంది. కుడికి వాలితే అంతా బిగుసుకుంటుంది. నిటారుగా నిలబడితే బోల్టు ఆడుతుంది, తూటాలు బయటికొస్తాయి, తుపాకీ మాత్రం పేలదు! అయితే నిలబడిన మీట సరిగ్గా గురి గాడికి అడ్డొస్తుంది. గాడిలోంచి చూడటం అలవాటైనవాళ్లకి అదే హెచ్చరిక. కంగారులో గురి చూడకుండా నొక్కేవాళ్లకి అది కనపడదు. అందుకే స్వాల్‌బార్డ్‌లో తుపాకీ ఇచ్చేముందు శిక్షణ తప్పనిసరన్నట్టు చూస్తారు.

మనవాళ్లకీ ఈ పాఠం తప్పదు. లాంగియర్‌బైన్‌కి ఉత్తరాన ఉన్న నీ-ఓలెసుండ్‌లో మనదేశం 2008 జులైలో 'హిమాద్రి' పరిశోధన కేంద్రాన్ని తెరిచింది. మంచునీ గాలినీ పరిశీలించేందుకు వెళ్లే శాస్త్రవేత్తలు అక్కడ రైఫిల్ పట్టడమూ నేర్చుకుంటారు.

1973 నుంచీ అక్కడ ధ్రువపు ఎలుగుబంట్ల వేట నిషిద్ధం. ఆత్మరక్షణకి కాల్చినా ప్రభుత్వం విచారణ జరిపి తీరుతుంది. 2025 జనవరి నుంచి వాటికి కనీసం 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్ల ఎడం పాటించాలి. ఎలుగుబంటి కనిపిస్తే మొదట చేయాల్సింది దూరంగా జరిగిపోవడం. తర్వాత వెలుగుతో, చప్పుడుతో బెదిరించడం. తుపాకీ ఆఖరి మాట. ఒకనాడు మనుషులమీదికి గురిపెట్టిన ఆ మొన ఇప్పుడు ఏ ప్రాణినీ తాకకుండా రోజు గడిస్తేనే అక్కడివాళ్లకి అది మంచి రోజు!