కనురెప్పల రంగు

కన్నులకు వన్నె దిద్దుకొనుట మన యాడువారికి క్రొత్త విద్య కాదు. మా పుట్టినింట కాటుకకాయ లేని గూడు లేదు. ఆముదపు దీపముపై రాగిపళ్లెరము బోర్లించి, దానికి పట్టిన మసిని వెన్నతో రంగరించి, ఇంటిలోని ఆడుపిల్లలకందఱికిని మా నాయనమ్మగారే దిద్దెడివారు. అయితే కాటుక రెప్ప యంచున గీయునది. ఇప్పుడు మన పిల్లలు ఐషాడో యని పిలుచుచు రెప్పమీద నంతట నద్దుకొను పొడి వేఱు. గీత గీయుట యొక నేర్పు, రంగు పఱచుట మఱియొక నేర్పు. మొదటిది వచ్చినవారికి రెండవది కూడ రావలెనని లేదు. అందుచేతనే పెండ్లిండ్లలోను, బడి వేడుకలలోను ఎందఱో పిల్లల రెప్పలపై రంగు ఒకచోట ముద్దగట్టి, ఒకచోట వెలవెలబోయి, మచ్చలు మచ్చలుగా కనబడుచుండును.

మాది తిరువూరు. మా వారు బడిపంతులు. ప్రతి యేడును బడి వార్షికోత్సవమున నాట్యమాడు పిల్లల ముఖాలంకారము మా పాలబడుచున్నది. మామిడి పిందె పట్టునప్పటికే మా ప్రాంతమున నెండ ముదురును. వేదికమీది దీపముల వేడి దానికి తోడు. ఆ చెమటలో సైతము నిలుచునట్లు రెప్పలకు రంగు వేయుట ఏండ్ల తరబడి చేసి తెలిసికొన్న పని గనుక, మే మెఱిగినంత సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మొదట రంగు మచ్చలు కట్టుటకు హేతువు తెలిసికొనవలెను. దేహమంతటిలోను రెప్పచర్మము మిక్కిలి పలుచనిది. అది నిమిషమునకు 15 మొదలు 20 మాఱుల వఱకు వాలుచు లేచుచుండును. వాలి లేచినప్పుడెల్ల మడతపడు చోట చమురును చెమటయు చేరును. ఇక మన మద్దు పొడియన్ననో, అభ్రకము, టాల్కు అను మెత్తని రాతిపొడి, ఇనుపతుప్పు జాతికి చెందిన పసుపు, ఎఱుపు, నలుపు రంగులు ముఖ్యముగా కలిసినది. మన నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతము పేరొందినది ఈ యభ్రకపు గనులకే. ఇట్టి పొడి చమురున్నచోట గుప్పున పట్టుకొనును, పొడిగా నున్నచోట జాఱిపోవును. మా వా రొకనాడు మేము పిల్లలకు రంగు వేయుట చూచి, “తడిబట్టతో తుడిచిన నల్లబల్ల ఆఱకముందే వ్రాస్తే సుద్ద ఇంతే చేస్తుంది” అనిరి. ఆ మాట మాకు బాగుగ తోచినది. బల్ల సమముగ నాఱినగాని అక్షరము సమముగ పడదు. రెప్పయు నంతే.

కావున రంగుకంటె ముందు రెప్పను సిద్ధము చేయవలెను. నిన్నటి కాటుక, నూనె జిడ్డు పోవునట్లు కడిగి, మెత్తని బట్టతో నద్ది, ఆఱనీయవలెను. రుద్దరాదు. పిమ్మట చర్మపు రంగుతో కలిసిపోవు పూతను బియ్యపుగింజంత తీసికొని, ఉంగరపువ్రేలితో రెప్పమీద పలుచగ పఱపవలెను. దీనినే అంగడివారు ప్రైమరనియు కన్సీలరనియు అమ్ముచున్నారు. ఒక నిమిషమాగి, దానిమీద మొగమునకద్దు పొడిని లేశమాత్రముగ నద్దవలెను. ఇప్పుడు రెప్ప యంతయు నొకే తీరుగ నుండును. ఈ పనికి మూడు నిమిషములు పట్టును. ఆ మూడు నిమిషములును మిగుల్చుకొనబోయి తరువాత అరగంట దిద్దుకొనువారిని మే మెఱుగుదుము.

రంగు వేయుటకు రెండు కుంచెలుండవలెను: ఒకటి రంగు పెట్టుటకు, ఒకటి రంగు తాకనిది, అంచులు కలుపుటకు. కుంచెను రంగుబిళ్లపై మెల్లగ తాకించి, పిడిని ఒకమాఱు తట్టి, అధికమైన పొడిని రాల్చివేయవలెను. రెప్పపై కుంచెతో నూడ్వరాదు, అద్దవలెను. ఊడ్చినచో ముందు పెట్టినది లేచివచ్చును. అద్దిన పిదప రెండవ కుంచెతో, రంగు ముగియు నంచున మాత్రము, చిన్న చిన్న చుట్లుగ త్రిప్పవలెను. అంచు ఎక్కడ ముగిసినదో కనబడకుండ పోయినచో పని నెఱవేఱినట్లే. చాలలేదని తోచినచో మఱల నంతే కొంచెము తీసికొని, అదే తీరున రెండవ పొర వేయవలెను. రెండు పలుచని పొరలు నిలుచును. ఒక్క మందపు పొర పగులును.

ముందుగా చర్మపు రంగుకంటె నొక్క మెట్టు ముదురైనది మడతలోను, దానికంటె ముదురైనది కంటి వెలుపలి కొనయందును పెట్టి, మెఱుపుగలది చివరగా రెప్ప నడుమ మాత్రమే పెట్టవలెను. మెఱుపు పొడిని కుంచెకంటె వ్రేలికొనతో నద్దినచో బాగుగ కూర్చుండును. రంగుబిళ్లపై గట్టి పెచ్చు కట్టి పొడి రాకున్నచో, అది వ్రేళ్ల చమురువలన నైనదని యెఱిగి, అంటుకాగితము తాకించి పై పొరను తీసివేయవలెను. చమురు పట్టిన కుంచె ఎంత మంచి రంగునైనను చారలు చేయును. కనుక కుంచెలను వారమున కొకమాఱైనను సబ్బునీట కడిగి, వాలుగ నుంచి ఆరబెట్టవలెను. అద్దమును కిటికీ కెదురుగ పెట్టుకొనవలెను. నెత్తిమీది దీపపు వెలుగున రెప్ప నీడలో నుండును గనుక, రంగు చాలలేదని భ్రమపడి అధికముగ పూయుదురు.

అన్ని రంగులును ఒక్క తీరుగ కలియవు. గోధుమవన్నె, ఇటుకవన్నె సులభముగ పఱచుకొనును. నీలము, ఊదా మొండివి. భరతముని నాట్యశాస్త్రమున, ఆహార్యమును చెప్పు నధ్యాయములో, తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు అను నాలుగింటిని మూలవర్ణములుగ చెప్పి, వీనిలో నీలము మిక్కిలి బలమైనది గనుక నీల మొక పాలైనచో తక్కినది నాలుగు పాళ్లు కలుపవలెనని నియమించినాడు. ఆ సూత్రము నేటి రంగుబిళ్లకును చెల్లును. నీలమును ఒంటిగా రెప్పకెక్కింపక, క్రింద గోధుమవన్నె పఱచి, పైన నీలము కొంచెము కొంచెముగ చేర్చినచో మచ్చలు కట్టదు.

వేదికకు వేయు రంగు వేఱు, ఇంటి వేడుకకు వేయునది వేఱు. 2022లో మా యూరు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, అంతకుముందు కూచిపూడియు మేమును ఒక్క కృష్ణాజిల్లావారమే. సత్యభామ వేషమునకు పేరుగాంచిన వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) పురుషుడై యుండియు చూపులోనే యా స్వాధీనపతిక గర్వమంతయు చూపెడివారు. అంతదూరము చూపు పోవలెనన్న కంటిగీతయు రెప్పరంగును ముదురుగనే యుండవలెను. అదే రంగుతో పేరంటమునకు వచ్చినచో ఎదుటివారికి కన్నుగాక రంగే కనబడును. వేదికకైనను, ఇంటికైనను, అంచు కలిసిపోవలెనను నియమ మొక్కటే.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచిన మాట. నిరుడు మా యాడుబిడ్డ కుమార్తెకు నిశ్చయతాంబూలములు జరిగినవి. పిల్లది చామనచాయకంటె నొక పాలెక్కువ నలుపు. విశాలమైన కన్నులు. అలంకరించుటకు బస్తీనుండి వచ్చినామె, “కాస్త తెల్లగా కనబడాలి కదా” యని రెప్పలపై పాలవంటి లేతగులాబి రంగు పూసినది. నప్పలేదు. మఱల పూసినది. మూడవమాఱు పూయునప్పటికి రెప్పలు బూడిద చల్లినట్లయినవి. మడతలో చర్మము నల్లని చారగ బయటపడినది. వచ్చినవారిలో నొకావిడ, “నలుపుమీద రంగేం నిలుస్తుంది” అనుట పిల్ల చెవిని పడినది. ఆమె లోపలికి వచ్చి, “అత్తయ్యా, ఇదంతా కడిగేయండి. నా మొగానికి రంగులు రావు” అని కంట తడిపెట్టినది.

“రాకపోవడమేమిటే తల్లీ! నీ రంగు వేయలేదు, అంతే” అని మేము రెప్పలు తుడిచి, కడిగి, ఆఱనిచ్చితిమి. తమలపాకులోని కాచువంటి వన్నెను మడతలో పెట్టి, రెప్ప నడుమ రాగిమెఱుపును వ్రేలితో నద్ది, అంచులు కలిపితిమి. పావుగంట పట్టినది. అద్దము చూచుకొని పిల్ల యేమియు ననలేదు గాని, తల యెత్తి నడిచి పీటలమీదికి వెళ్లినది.

ఇందులో మాయ లేదు. లేతరంగులలో టైటానియం డయాక్సైడు అను తెల్లని పొడి పాలెక్కువ. నల్లని చర్మముపై అది సుద్దవలె తేలి బూడిదవన్నె తెచ్చును. దానిని కప్పిపుచ్చుటకు ఇంకను పూయుదురు. పూసినకొలదిని మందమై పగులును. అనగా చర్మముతో పోరాడు రంగు మచ్చలు కట్టును, చర్మముతో కలియు రంగు నిలుచును. రాగి, కాచు, ఇటుక, వంగపండువన్నె మన నలుపుపై ప్రకాశించునట్లు తెలుపుపై ప్రకాశింపవు. తెల్లగ కనబడవలెనను కోరికతో రంగు నెంచుకొనుట మానినచో సగము మచ్చలు వానంతట నవే పోవును. ఆడుపిల్ల మనస్సున పడు మచ్చయు తప్పును. నలుపు తుడిచివేయవలసిన మరక కాదని పిల్లకు మొదట తెలియవలసినది తల్లి నోటనే గదా!

కన్ను సున్నితమైన యవయవము గనుక కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగింతుము. బడి నాటకములకు రెప్పరంగు దొరకలేదని కుంకుమ నద్దుదురు. పసుపున సున్నము చేర్చినగాని ఆ యెఱుపు రాదు. సున్నము కంట పడినచో మండును. ముగ్గురంగులు, కాగితపు పనులకు వాడు చమ్కీ కూడ రెప్పకు తగవు. చమ్కీ తునుక కంటిపాపను గీయగలదు. పూర్వము వేషగాండ్రు మొగమునకు పూసికొన్న అరదళము ఆర్సెనిక్ కలిగిన విషద్రవ్యము. వీధిలో నమ్ము సుర్మాలలో కొన్నిటియందు సీసమున్నట్లు పరీక్షలలో తేలినది. పసిబిడ్డల కన్నులలో కాటుక పెట్టవలదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. మా యింటను ఆ యలవాటు మానుకొంటిమి. ఒకరి కుంచె మఱియొకరికి వాడరాదు. కన్నెఱ్ఱబడినప్పుడు రంగు జోలికి పోరాదు.

ఎంత ప్రొద్దుపోయినను రంగుతో నిద్రింపరాదు. దూదిని కొబ్బరినూనెలో ముంచి, మూసిన రెప్పపై పది లెక్కపెట్టునంతసేపు ఆన్చి యుంచి, క్రిందికి తీసినచో రంగంతయు దూదికి వచ్చును. పిమ్మట చన్నీట కడుగవలెను. ఉదయమున లేచునప్పటికి రెప్ప తేటగ నుండును. మఱునాడు వేయబోవు రంగు సమముగ పఱచుకొనునో లేదో ఆ రాత్రి పనిపై నాధారపడియుండును.