విశేషణం నామవాచకం మాట వింటుంది

మేం నలుగురం కలిసి స్పానిష్ నేర్చుకుంటున్నాం. ఇద్దరిది లంబాడీ తండా, ఇద్దరిది కోయ గూడెం. "ఇంగ్లీషే సరిగ్గా రాదు, ఇంకా స్పానిష్ ఎందుకు" అనే మాట మేమూ విన్నాం. అలాంటి మాట విన్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసమే ఈ పోస్ట్.

తెలుగులో విశేషణం మారదు. నల్ల పిల్లి, నల్ల పిల్లులు, మంచి అబ్బాయి, మంచి అమ్మాయి. ఏది పక్కన పెట్టినా "నల్ల" నల్లే, "మంచి" మంచే. స్పానిష్‌లో అలా కుదరదు. అక్కడ ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, పుస్తకం పుంలింగం, ఇల్లు స్త్రీలింగం. విశేషణం ఎక్కువగా నామవాచకం తర్వాత వస్తుంది, దాని లింగాన్నీ వచనాన్నీ బట్టి మారుతుంది. మగపిల్లి గాతో నేగ్రో, ఆడపిల్లి గాతా నేగ్రా. ఎక్కువైతే గాతోస్ నేగ్రోస్, గాతాస్ నేగ్రాస్.

అన్నీ ఇలా నాలుగు రూపాలు కావు. పెద్ద అనే "గ్రాందే", నీలం అనే "అసూల్" లింగాన్ని బట్టి మారవు. బహువచనంలో మాత్రం గ్రాందేస్, అసూలేస్ అవుతాయి. ఇంకో జాగ్రత్త: చివరి అక్షరం చూసి మోసపోవద్దు. "ప్రొబ్లేమా" చివర ఆ ఉన్నా అది పుంలింగమే, అందుకే ప్రొబ్లేమా సేరియో అనాలి. "మానో" అంటే చెయ్యి, చివర ఓ ఉన్నా స్త్రీలింగం. కొత్త మాట నేర్చుకున్నప్పుడే ఎల్, లా కలిపి నేర్చుకుంటే ఈ తిప్పలు ఉండవు: ఎల్ ప్రొబ్లేమా, లా మానో.

మాలో తండా నుంచి వచ్చిన ఇద్దరికీ ఇది తొందరగా పట్టుబడింది. ఎందుకంటే లంబాడీలో కాళో ఘోడో, కాళీ ఘోడీ అంటాం. నల్ల గుర్రం మగదైతే ఓ, ఆడదైతే ఈ. హిందీలో అచ్ఛా, అచ్ఛీ, అచ్ఛే కూడా ఇదే పద్ధతి. మిగతా ఇద్దరం తెలుగు వైపు నుంచి పట్టుకున్నాం. మనం వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని క్రియను మారుస్తాం కదా. స్పానిష్‌లో అతను వచ్చినా ఆమె వచ్చినా "బినో" ఒక్కటే. అంటే మనం క్రియలో చూపించే లింగాన్ని వాళ్లు విశేషణంలో చూపిస్తారు. అంతే తేడా.

"మేం అలసిపోయాం" అనడానికి అందరూ ఆడపిల్లలైతే కాన్సాదాస్. గుంపులో ఒక్క అబ్బాయి ఉన్నా వ్యాకరణం ప్రకారం కాన్సాదోస్. మాలో ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. ఈ రూల్ మీద మా మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది!

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. దాని దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంటి భాషను గుమ్మం బయట వదిలిపెట్టక్కర్లేదు. అదే ముందు నడిచి దారి చూపిస్తుంది. కోయ, గోండీ, కువి, సవర మాట్లాడేవాళ్లు మీ భాషలో నల్ల పిల్లి, నల్ల పిల్లులు ఎలా అంటారో రాయండి. కలిసి పోల్చి చూద్దాం.