కలియబెట్టిన కర్ర ఎవరిది?

పేపర్లో సైన్సు వార్త కనబడగానే మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట ఒకటే: "ఆఁ, ఇలాంటివి ఎన్ని చూశాం!" క్యాన్సర్‌కు మందు దొరికిందన్నా, ఇంకో పదేళ్ళలో పెట్రోలు బంకులే ఉండవన్నా అదే మాట. మైలాపూర్ లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే నడక ముగించుకుని బెంచీల మీద చేరేవాళ్ళలో ఈ మాట నేను తరచూ వింటుంటాను. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కు అది. అక్కడ ఒక్క పేపరు నలుగురి చేతులూ మారుతుంది. ఒకరు చదువుతారు, ఒకరు నమ్ముతారు, ఇద్దరు పెదవి విరుస్తారు.

ఆ పెదవి విరుపును నేను తప్పు పట్టను. ఎన్నోసార్లు ఆశపడి ఉత్త చేతులతో మిగిలిన మనుషులకు అనుమానం ఒక కాపుదల. నన్ను బాధపెట్టేదల్లా ఆ అనుమానం మొదటి మాట దగ్గరే ఆగిపోవడం.

ఓ రోజు బ్యాటరీ వార్త వచ్చింది. ఐదు నిమిషాలు ఛార్జి పెడితే కారు వెయ్యి కిలోమీటర్లు పోతుందట. ఒకాయన "అంతా బూటకమండీ" అని పేజీ తిప్పేయబోయారు. పక్కనున్న పెద్దాయన, కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, "ఉండండి సార్, లెక్క చూద్దాం" అంటూ జేబులోంచి పెన్ను తీశారు. పేపరు అంచున ఉన్న తెల్ల జాగాలో అంకెలు వేశారు. కారు వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు తింటుంది. వెయ్యికి 150 యూనిట్లు. ఆ 150 యూనిట్లూ ఐదు నిమిషాల్లో ఎక్కాలంటే 1800 కిలోవాట్ల కరెంటు కావాలి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ 500 కేవీఏది అనుకున్నా, ఆ ఒక్క కారుకే అలాంటివి నాలుగు కావాలి. "బ్యాటరీ అబద్ధమని నేననడం లేదు. ల్యాబులో చిన్న సెల్లు మీద నిజంగానే చేసుంటారు. అది మన వీధిలోకి రావాలంటే తీగలు మారాలి, ట్రాన్స్‌ఫార్మర్లు మారాలి. ఆ సంగతి వీళ్ళు రాయలేదు" అన్నారు.

ఇద్దరూ అనుమానించినవాళ్ళే. మొదటాయన మాట విన్నాక నాకు మిగిలిందేమీ లేదు. రెండో ఆయన లెక్క మాత్రం ఇప్పుడు ఏ ఛార్జింగు వార్త చదివినా పనికొస్తోంది.

చెన్నైలో ఈ విషయం మాట్లాడుకుంటూ రామర్ పిళ్ళైని తలుచుకోకుండా ఉండలేం. అది 1996. రాజపాళయం దగ్గరి పల్లెటూరి మనిషి. పెద్ద చదువు లేదు. నీళ్ళలో ఏవో ఆకులు వేసి మరగబెట్టి, కాస్త ఉప్పూ నిమ్మరసమూ చేర్చి కలియబెడితే పైన పెట్రోలు తేలుతుందన్నాడు. తేలింది కూడా. అంటిస్తే మండింది, బండిలో పోస్తే బండి నడిచింది. దిల్లీ దాకా వెళ్ళి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారి ముందు చేసి చూపించాడు. అక్కడి పెద్దలే ఇందులో ఏదో ఉందన్నారు. మూలికలు పెంచుకోవడానికి భూమి ఇస్తామని తమిళనాడు ప్రభుత్వం ముందుకొచ్చింది. మూలికా పెట్రోలు అన్న మాట ఊరూరా పాకింది.

నమ్మినవాళ్ళను వెర్రివాళ్ళనడానికి నాకు మనసొప్పదు. పెట్రోలు కోసం విదేశాల మీద ఆధారపడ్డ దేశం మనది. ఒక పల్లెటూరి వాడు, చదువుకున్నవాళ్ళందరికీ అంతుబట్టనిది పొయ్యి మీద సాధించి చూపాడంటే ఎవరికి సంతోషం కలగదు? ఆ సంతోషంలో తప్పు లేదు. అయితే సంతోషిస్తూనే అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగుతుంది. ఆ బరువులో నూటికి సుమారు 85 పాళ్ళు కార్బనే. అంటే లీటరుకు 600 గ్రాముల పైచిలుకు. నీళ్ళలో కార్బన్ అన్నదే లేదు. పచ్చి ఆకుల బరువులో చాలా మటుకు నీళ్ళే. మరి గుప్పెడు ఆకుల్లోంచి అంత కార్బన్ ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ చదివిన పిల్లలు వేయగల లెక్క ఇది. దేశమంతా సంబరంలో ఉండగా ఈ లెక్క గట్టిగా పైకి చెప్పినవాళ్ళ గొంతు పెద్దగా వినపడలేదు.

అదే ఏడాది ఐఐటీ మద్రాసులో పరీక్ష జరిగింది. అక్కడివాళ్ళ కన్ను ఆకుల మీద కాకుండా కలియబెట్టే కర్ర మీద పడింది. దాని లోపల బోలు. అందులో ముందే నింపి ఉంచిన ఇంధనం, చివర మైనంతో మూత. గిన్నెలో నీళ్ళు కాగుతుంటే ఆ వేడికి మైనం కరుగుతుంది, లోపలిది బయటికొస్తుంది. నీళ్ళకన్నా తేలిక కాబట్టి పైన తేలుతుంది. చూసేవాళ్ళ కళ్ళన్నీ గిన్నెలో ఉన్న ఆకుల మీద. కర్రను ఎవరు పట్టించుకుంటారు? ఆ కర్ర పక్కన పెట్టించాక నీళ్ళు నీళ్ళుగానే ఉండిపోయాయి.

ఇంత జరిగినా ఆ వ్యవహారం అక్కడితో ఆగలేదు. కొన్నేళ్ళకు అదే పేరుతో చెన్నైలో దుకాణాలు తెరిచి ఇంధనం అమ్మారు. జనం కొన్నారు, బండ్లలో పోసుకున్నారు. కేసు సీబీఐ చేతికి వెళ్ళింది. అమ్మినది టోలీన్, నాఫ్తా లాంటి పెట్రోలియం సరుకు కలిపిన మిశ్రమమని తేలింది. 2016 అక్టోబరులో ఎగ్మూర్ కోర్టు రామర్ పిళ్ళైకీ మరో నలుగురికీ మూడేళ్ళ కఠిన శిక్ష వేసింది. గిన్నెలో పెట్రోలు తేలిన రోజు నుంచి తీర్పు దాకా 20 ఏళ్ళు పట్టింది. "నేనప్పుడే చెప్పాను, అది బూటకమని" అనేవాళ్ళు నగరంలో చాలామందే ఉన్నారు. ప్రతి వార్తనూ బూటకమనేవాళ్ళకు ఒకసారి నిజం తగలడంలో విశేషమేమీ లేదు. విశేషమంతా కర్రను చేతిలోకి తీసుకుని చూసినవాళ్ళది.

2021 మేలో నెల్లూరు దగ్గరి కృష్ణపట్నం ఆనందయ్యగారి కోవిడ్ మందు విషయంలోనూ మనం ఈ అడుగు వేయలేదు. చెన్నైలో చాలా తెలుగిళ్ళకు నెల్లూరు చుట్టరికాలుంటాయి. ఆ రోజుల్లో ఫోను మోగితే అదే సంగతి. ఆయన డబ్బు తీసుకోకుండా ఇచ్చారు, ఆయన మంచితనం మీద నాకే అనుమానమూ లేదు. కంట్లో వేసే చుక్కలను పక్కన పెట్టి మరికొన్ని ఇవ్వవచ్చని ప్రభుత్వం మే 31న అనుమతిచ్చింది. హాని లేదని ఇచ్చిన అనుమతి అది, జబ్బు తగ్గిస్తుందని తేల్చిన తీర్పు కాదు. కోవిడ్ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకుంటారు. అంచేత మందు వేసుకుని కోలుకున్నవాళ్ళను ఎంతమందిని చూపించినా చాలదు. వేసుకోనివాళ్ళను పక్కన పెట్టి లెక్క కట్టాలి. అవునని కొందరు, కాదని కొందరు గొంతు చించుకున్నారు తప్ప, ఆ లెక్క కావాలని అడిగినవాళ్ళు తక్కువ.

అనుమానం చెరుపు చేసే చోట్లూ ఉన్నాయి. వానల కాలంలో చెన్నైలో వాతావరణ కేంద్రం గురించి అందరూ అనే మాట: "నుంగంబాక్కం వాళ్ళు వాన అన్నారంటే ఇంక గొడుగు అక్కర్లేదు." 2024 అక్టోబరు 16న నగరానికి రెడ్ అలర్ట్ ఇచ్చారు. వేళచ్చేరిలో జనం ముందుగానే కార్లు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద వరసగా నిలబెట్టారు. ఆ రోజు అనుకున్నంత వాన పడలేదు. వాయుగుండం 17 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరంగా తీరం దాటి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆ కార్ల ఫొటోలు పెట్టుకుని నవ్వులే నవ్వులు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. వేళచ్చేరి వాళ్ళు 2015 డిసెంబరు చూసినవాళ్ళు. ఆ నెల మొదటి రోజుల్లో తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన కొట్టింది. అడయారు నది ఇళ్ళ మీదికి వచ్చింది. సముద్రం మీద తిరిగే వాయుగుండం ఎక్కడ తీరం దాటుతుందన్నది యాభై కిలోమీటర్లు అటూ ఇటూ అయితే చాలు, నగరంలో వాన లెక్క తారుమారవుతుంది. రెడ్ అలర్ట్ అంటే అంత వాన పడే అవకాశం ఉంది, సిద్ధంగా ఉండండని చెప్పడం. అది పడి తీరుతుందని రాసిచ్చిన పత్రం కాదు. కారు పైకెక్కించినవాడు ఒక రోజు ఇబ్బంది పడ్డాడు, అంతే. ఎక్కించనివాడికి మరో డిసెంబరు వస్తే ఏమవుతుందో ఆ వీధుల్లో అందరికీ తెలుసు.

ఆ నుంగంబాక్కం ఆవరణకే ఒక చరిత్ర ఉంది. 1792లో ఈస్టిండియా కంపెనీవారు కట్టిన మద్రాసు వేధశాల ఉండింది అక్కడే. దాని గ్రానైటు స్తంభం ఇప్పటికీ నిలబడి ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగూ ఉంది. ఆ వేధశాలలో చింతామణి రఘునాథాచారి పనిచేశారు. 1867లో ఆర్ రెటిక్యులీ అనే నక్షత్రం వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉంటుందని పట్టుకున్నది ఆయనే. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఆయన మన వనపర్తి వెళ్ళి పరిశీలించారు. అదే గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ చూశాడు. హీలియం కథ మొదలయ్యింది ఆ రోజే.

రఘునాథాచారిలో నాకు ఎక్కువ ఇష్టమైనది మరొకటి. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడని తెలిసి, జనం కోసం ఇంగ్లీషులోనూ మన భాషల్లోనూ చిన్న పుస్తకం తెచ్చారు. దాన్ని పండితుడికీ సిద్ధాంతికీ మధ్య సంభాషణగా రాశారు. వినేవాడికి అనుమానాలుంటాయని ఆయనకు ముందే తెలుసు. ఆ అనుమానాలకు పుస్తకంలో చోటిచ్చి, ఒక్కొక్కదానికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. పంచాంగం లెక్క ఆకాశంలో కనబడేదానితో సరిపోవాలని, సరిపోకపోతే దిద్దుకోవాల్సింది లెక్కనేనని పట్టుబట్టారు. సొంత సంప్రదాయంలోని పెద్దలతోనే ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

ఆయన పనిచేసిన ఊళ్ళోనే, దాదాపు నూటయాభై ఏళ్ళకు, షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీరు అదే తోవలో నడిచారు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్‌తో సంబంధం తెగిపోయింది. అది ఏమైందోనని రకరకాల పుకార్లు. నాసా తన ఉపగ్రహం తీసిన ఫొటోను సెప్టెంబరు 26న అందరికీ అందుబాటులో పెట్టింది. ల్యాండర్ జాడ తమకు దొరకలేదంది. షణ్ముగ సుబ్రమణియన్ ఉద్యోగం చేసుకుంటూనే, ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టుకుని, అదే చోటు పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ పోల్చి చూశారు. పాత దాంట్లో లేని ఒక చిన్న మెరుపు చుక్క కొత్త దాంట్లో కనబడింది. నాసాకు రాశారు. వాళ్ళు తర్వాత తీసిన ఫొటోలతో సరిచూసుకుని, డిసెంబరులో ఆయన పేరు చెప్పి మరీ అవునన్నారు. ల్యాండర్ నేలను గుద్దుకున్న చోటికి వాయవ్యంగా సుమారు 750 మీటర్ల దూరంలో పడ్డ శకలమది. ఫొటో అందరికీ దొరికిందే. ల్యాప్‌టాప్‌లు లక్షలమంది ఇళ్ళలో ఉన్నవే.

మన తెలుగు పత్రికలవాళ్ళకు, టీవీలవాళ్ళకు ఒక విన్నపం. కొత్త మందనీ, కొత్త బ్యాటరీ అనీ, కొత్త ఇంధనమనీ వార్త వేసేటప్పుడు దాని కింద రెండు వాక్యాలకు చోటివ్వండి: ఈ మాట ఎవరు చెప్పారు, వాళ్ళతో సంబంధం లేనివాళ్ళు ఎవరైనా సొంతంగా చేసి చూశారా? చూడకపోతే "ఇంకా ఎవరూ చూడలేదు" అని వేయండి. చదివేవాళ్ళు ఆ రెండు వాక్యాలు లేని వార్త కనబడ్డప్పుడు పేజీ తిప్పేయకుండా, ఎడిటరుగారికి ఒక ఉత్తరం ముక్క రాయండి.