ఏడు వేల కిలోమీటర్లు – ఎన్ని గంటలు?

హాంబర్గ్ నుంచి హైదరాబాదుకు ఆకాశంలో తిన్నగా గీత గీస్తే సుమారు 7,050 కిలోమీటర్లు. ఆ గీత మీద నేరుగా వెళ్ళే విమానం మాకు లేదు. దుబాయ్ మీదుగా వస్తే 7,430 అవుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే ముందు 400 కిలోమీటర్లు దక్షిణానికి పోవాలి. చిత్రమేమంటే, ఫ్రాంక్‌ఫర్ట్ కంటే హాంబర్గే హైదరాబాదుకు కాస్త దగ్గర!

టికెట్ మీద టైములన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. హాంబర్గ్‌లో మధ్యాహ్నం మూడున్నరకు ఎక్కి మర్నాడు ఉదయం తొమ్మిదికి శంషాబాద్‌లో దిగితే పదిహేడున్నర గంటలు అనిపిస్తుంది. ఎండాకాలంలో మన గడియారం జర్మనీ కంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అసలు ప్రయాణం 14 గంటలే. అందులో పది గంటలు గాలిలో, నాలుగు గంటలు దుబాయ్‌లో కూర్చోవడం. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా తేడా నాలుగున్నర గంటలు. ఈ లెక్క ఎందుకు ముఖ్యమో చెబుతాం.

మాలో ఒకరి తండ్రి జగిత్యాల దగ్గర పల్లెలో పోయారు. ఊరివాళ్ళు ఫోన్లో అడిగింది ఒక్కటే: "ఎన్నింటికి వస్తవు బిడ్డా, ఉంచమంటవా?" తొమ్మిదికి దిగడం, బయటికి రావడానికి ఒక గంట, కారులో నాలుగైదు గంటలు. "రేపు మధ్యాహ్నం మూడింటికల్లా గుమ్మంలో ఉంట" అని మన టైములోనే చెప్పాడు. ఉంచారు. తలకొరివి అతనే పెట్టాడు.

అతని తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. అక్కడి నుంచి హైదరాబాదుకు 3,370 కిలోమీటర్లు, మాకు సగం కూడా లేదు. నేరుగా విమానంలో ఐదు గంటల లోపే. అయినా అతను చేరింది పిట్టకు పెట్టే రోజుకు. కువైట్‌లో 2025 జూలై 1 నుంచి ప్రైవేటు రంగంలోని విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ కావాలి. అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఒప్పుకోవాల్సిన మనిషి శుక్రవారం సెలవులో ఉన్నాడు.

మేము ఆఫీసులో కాగితాలు చూసేవాళ్ళం. కిలోమీటర్ల లెక్కలో ఆ సంతకం ఎక్కడా కనబడదు. కానీ మనవాళ్ళకు ఊరు ఎంత దూరమో తేల్చేది చాలాసార్లు అదే.

అందుకే అన్నలారా, తమ్ములారా, కష్టం రాకముందే నాలుగు సంగతులు తెలిసి ఉండాలి. పాస్‌పోర్టు ఎక్కడుంది? పర్మిట్ ఎవరు ఇస్తారు? ఆయన లేనప్పుడు ఎవరు? ఆయన ఫోన్ నంబరు ఏది? రెండు విమానాలు మారాల్సి వస్తే ఒకే టికెట్‌గా కొనండి. మొదటిది ఆలస్యమైతే రెండోదానికి పూచీ వాళ్ళదే. ఇంటికి చెప్పే గంట మాత్రం ఇంటి గడియారం ప్రకారమే చెప్పండి. అక్కడ మన కోసం ఆపి ఉంచినవాళ్ళు చూసేది ఆ గడియారాన్నే.