పూలక్క చేతిలో కాగితం ఫోను

నరసరావుపేటలో రాత్రి కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున బెంగళూరు యశ్వంతపూర్‌లో దిగాను. జూన్ మొదటి వారం. మా ఊళ్లో వడగాలి ఇంకా తగ్గలేదు, ఇక్కడ ప్లాట్‌ఫాం మీద స్వెట్టర్లు! కొట్లకు బిల్లుల సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. ఇన్నేళ్లూ లెక్క తప్పకపోతే చాలనుకున్నాను. వాడేవాళ్ల కంటికీ చేతికీ ఏది తగునో చూసి తెరను తీర్చడం వేరే విద్య అనీ, దాన్ని ఇంటరాక్షన్ డిజైన్ అంటారనీ తెలిశాక, మల్లేశ్వరంలో రెండు రోజుల తరగతికి వచ్చాను.

మల్లేశ్వరం దగ్గరే కానీ, తరగతి జరిగే మేడ దొరికేసరికి గంట పట్టింది. 1898 ప్లేగు తర్వాత నగరం విస్తరించగా ఏర్పడిన పేటల్లో ఇదొకటి. నిలువు వీధులు మెయిన్లు, అడ్డవీధులు క్రాసులు, పేర్లకు బదులు ఎక్కువగా అంకెలు. ఎనిమిదో క్రాస్‌కు వెళ్లాల్సిన నేను ఎనిమిదో మెయిన్ పట్టుకుని నడిచాను. మా పేటలో అయితే ఆంజనేయస్వామి గుడి పక్కసందు, వేపచెట్టు ఎదురిల్లు అంటే చాలు. చివరికి ఒక పెద్దావిడ గుడి గుర్తు చెప్తే చేరాను. ఆలస్యానికి కారణం చెప్పగానే టీచరు గారు దాన్నే మొదటి పాఠం చేశారు: అంకె పటం గీసినవాడికి, గుడి నడిచేవాడికి.

తర్వాత మమ్మల్ని ఒక దర్శినికి పంపారు. గంటసేపు చూడాలి, ఎవరినీ ఏమీ అడగకూడదు. దర్శినిలో సాధారణంగా కుర్చీలుండవు. టోకెన్ కొని, ప్లేటు అందుకుని, నిలబడే తింటారు. మా ఊరి హోటల్లో సర్వరు వచ్చి నీళ్లగ్లాసు పెట్టేదాకా కూర్చుంటాం కదా, నాకిదంతా కొత్త. ఇద్దరు ఒక్క కాఫీని 'బై టూ' అని రెండు గ్లాసుల్లో పంచుకున్నారు. చంకలో బిడ్డతో ఒక తల్లి టోకెను పళ్ల మధ్య పట్టుకుని రెండో చేత్తో ఇడ్లీ ప్లేటు అందుకుంది. చట్నీ గరిటె ఆమెకు అందలేదు. నా బిల్లుల తెర ముందు రెండు చేతులూ ఖాళీగా ఉన్న మనిషినే ఎప్పుడూ ఊహించుకున్నానని అక్కడ తెలిసింది. ఈలోగా నా వెన్నదోసె చల్లారిపోయింది, అయినా ఎంత రుచో!

రెండో రోజు కాగితం మీద ఫోను తెరలు గీశాం, పూలమ్మేవాళ్లు అరువులు రాసుకోవడానికి. వాటిని ఎనిమిదో క్రాస్‌లో మల్లెలు అమ్మే అక్కకు చూపించాం. ఆమెది మదనపల్లె వైపు. వెతకడానికి మేం గీసిన భూతద్దం మీద వేలు పెట్టి, "ఈ గరిటె ఏందిమ్మా, దేనికిది?" అంది. మాలో ఒకరు వివరించబోతే టీచరు గారు ఆపారు. మనం పక్కనుండి చెప్పాల్సి వస్తే తప్పు బొమ్మదే. అక్కడే చెరిపి, అరువు పెట్టే మనుషుల ముఖాలు గీశాం. ఈసారి అక్క వేలు తడబడలేదు. "ఇది మా డాక్టరమ్మ!" అని నవ్వింది.

ఇలా వాడేవాళ్లను చూసి తెర గీసే దారి ఈ ఊరికి కొత్తది కాదట. ఇక్కడి మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఇంద్రాణీ మేధీ, అమన్ సాగర్, కెంటారో టోయామా మూడు బస్తీల్లో ఇళ్లల్లో పనిచేసేవాళ్లతో గంటల తరబడి గడిపి, అక్షరాల్లేని తెరలు తయారుచేసి 2006లో ప్రకటించారు. పని వెతుక్కోవడానికి ఒకటి, ఊళ్లో దారి చూసుకోవడానికి ఇంకొకటి. బొమ్మ ఉంటుంది, మాట వినిపిస్తుంది, ఎప్పుడు కావాలన్నా సాయం అందుతుంది.

మీరు నేర్చుకోవడానికి వెళ్తే ల్యాప్‌టాప్ కంటే ముందు ఒక పెన్సిలు, రబ్బరు, తెల్లకాగితాలు సర్దుకోండి. పూలక్కల దగ్గరికి మాత్రం బేరాలు లేని వేళ చూసుకుని వెళ్లండి, రెండు మూరల మల్లెలు కొని మాట కలపండి.