నల్లా వచ్చే రోజు

2018 ఆషాఢం. లాల్‌దర్వాజ బోనాల రోజు. సింహవాహిని మహంకాళి గుడికి మా ఇల్లు రెండు సందుల అవతల. బాబుకు అప్పుడు మూడేళ్ల నాలుగు నెలలు. నేను బోనం ఎత్తుకున్నాను. అత్తమ్మ వాణ్ని చంకనేసుకుంది. డప్పులు దగ్గరికి రాగానే వాడు చెవులు మూసుకుని కిందికి జారిపోయాడు. నేలకు తల కొట్టుకున్నాడు. బోనం తోడికోడలికి ఇచ్చి ఎత్తుకోబోతే నా మెడ కరిచాడు. "గాలి సోకిందేమో" అన్నారు ఎవరో. "మొండోడు, రెండు తగిలియ్యి" అన్నారు ఇంకెవరో. నేను రెండో మాట విన్నాను. అందరి ముందూ కొట్టాను.

అంతకుముందు సూచనలు లేక కాదు. మునివేళ్ల మీద నడిచేవాడు. తెల్లన్నం, పెరుగు, ఒకే రకం బిస్కెట్. ఇంకేం ముట్టినా కక్కేవాడు. గోళ్లు తీయాలంటే ముగ్గురం పట్టుకోవాలి. చొక్కా మెడ దగ్గరి లేబుల్ అన్నీ కత్తిరించేదాన్ని. మాట లేదు. మగపిల్లలకు మాట ఆలస్యం అని అందరూ అంటే నమ్మాను. నమ్మడమే సుఖంగా ఉండింది. ఒక స్కూలు పదకొండు రోజులు ఉంచుకుని పంపేసింది. చుట్టాలకు జ్వరమని చెప్పాను.

పిల్లల డాక్టరు ముందు వినికిడి పరీక్ష రాశాడు. చెవులు బాగున్నాయి. తర్వాత బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌కు పంపాడు. అక్కడున్నది 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఇప్పుడు పేరు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. పాత పేరు ఎన్.ఐ.ఎం.హెచ్. అంటేనే ఆటోవాళ్లకు తెలుస్తుంది. అక్కడ ఆటిజం అన్నారు. "ఎన్ని నెలల్లో తగ్గుతది మేడం?" అని అడిగాను. "ఇది తగ్గే జబ్బు కాదమ్మా. వాడికి ఏది కష్టమైతుందో ముందు చూద్దాం" అన్నారు. తిరుగు రైల్లో మా స్టేషన్ ఉప్పుగూడ దాకా మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

సెప్టెంబరులో ఓటీ మొదలైంది. ఆక్యుపేషనల్ థెరపీని అందరూ ఓటీ అనే అంటారు. వారానికి రెండు రోజులు. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి సికింద్రాబాద్, అక్కణ్నుంచి బస్సు. మొదటి రోజు తలుపు అవతల నలభై నిమిషాలు అరిచాడు. నేను వరండాలో చెవులు మూసుకున్నాను. వాడిలాగే.

మూడో వారం వాణ్ని ఊయల బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఊగుతూనే కింది రింగులు తీయించారు. ఆ రోజు రైల్లో నా ఒళ్లో నిద్రపోయాడు. బయట ఎక్కడా నిద్రపోని పిల్లాడు.

డప్పు మన చెవిలో పడుతుంది, వాడికి ఒళ్లంతా పడుతుంది అని ఓటీ మేడం చెప్పింది. బరువు మోస్తే, నెడితే, లాగితే కండరాల నుంచి, కీళ్ల నుంచి మెదడుకు గట్టి కబురు వెళ్తుందట. దాంతో కొందరు పిల్లలు కుదుటపడతారట. ఈ పద్ధతికి పునాది వేసింది జీన్ ఏయర్స్ అనే అమెరికా థెరపిస్టు, 1972లో ఆమె పుస్తకం వచ్చింది. అయితే ఇందులో ఏది ఎంత పనిచేస్తుందన్న దాని మీద డాక్టర్లలోనే ఒక్క మాట లేదని కూడా మేడమే చెప్పింది. "అందుకే రోజూ రాసి పెట్టమ్మా. పనిచెయ్యనిది మానేద్దాం." ఆ నిజాయితీకి ఆమెకు రుణపడి ఉన్నాను. బోనాలనాటి దెబ్బ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

ఇంట్లో చేయించాల్సినవి రాసిచ్చారు. అందులో ఉన్న సామాను మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఇంట్లో ఏముందో చెప్పమన్నారు. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. రెండు చిన్న డబ్బాలు కొన్నాం. నల్లా వచ్చిన రోజు సంపు నుంచి వంటింటికి నీళ్లు మోయడం వాడి పని. సగం కిందే పోసేవాడు. బొంతలో గట్టిగా చుట్టి దొర్లించేవాళ్లం. చపాతీ పిండి పిసకడం పక్కింటి ఆపా నేర్పింది. రోజూ సాయంత్రం తన వంటింట్లో, గంటసేపు. ఆ గంటలోనే నేను స్నానం చేసేదాన్ని. నేను లాడ్ బజార్ కోసం లక్కగాజులకు రాళ్లు అతికేదాన్ని. ఆ పని మానేశాను. ఒకసారి రాయి ముక్కులో పెట్టుకున్నాడు.

వాడి మొదటి మాటలు అమ్మా, నాన్నా కావు. యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట. రైల్లో చెప్పే స్టేషన్ల పేర్లు.

నడుమ ఒక తప్పు చేశాం. ఆరు నెలల్లో మామూలు పిల్లాడైపోతాడని ఒక చోట మాట ఇచ్చారు. రెండు తులాల గొలుసు కుదువ పెట్టి కట్టాం. రెండు నెలలకు మానేశాం. గొలుసు ఇంకా విడిపించలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో రైళ్లు ఆగాయి. రోజూ పొద్దున బూట్లు వేసుకుని గడప దగ్గర కూర్చునేవాడు. తొమ్మిది రోజులు. తర్వాత తన చెయ్యి తానే కొరుక్కోవడం మొదలుపెట్టాడు. వచ్చిన మాటలు పోయాయి. నేను ఫోను చేతికిచ్చి పక్క గదిలో పడుకునేదాన్ని. మే నెలలో ఒక సాయంత్రం వాణ్ని ఎత్తుకుని మేడ మీద పిట్టగోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎందుకో రాయను. ఆపా బట్టలు తీయడానికి పైకొచ్చింది. ఏమీ అడగలేదు. "ఇటివ్వమ్మా" అని బాబును తీసుకుంది. ఆ రాత్రి మా ఇద్దర్నీ తన ఇంట్లోనే పడుకోబెట్టింది. మర్నాడు మేడం ఫోనులో దొరికింది. వాడి సంగతి తర్వాత, ముందు నువ్వు డాక్టరుకు చూపించుకో అంది. చూపించుకున్నాను. ఏడాది మందులు వాడాను.

ఎంఎంటీఎస్ మళ్లీ నడిచింది 2021 జూన్‌లోనే. పోయిన మాటలు తిరిగి రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్లకు ఒకటి చెప్తాను. వైకల్య సర్టిఫికెట్ తీసుకోవడానికి సిగ్గుపడకండి. మేం రెండేళ్లు సిగ్గుపడ్డాం. 2016 చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. నిరామయ ఆరోగ్య బీమాకు కూడా ఆ కాగితమే కావాలి.

ఇప్పుడు వాడికి పదేళ్లు. పప్పు తింటాడు. చొక్కాకు మూడు గుండీలు పెట్టుకుంటాడు, నాలుగోది నాకు చూపిస్తాడు. పోయిన బోనాలకు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి మేడ మీదికి తీసుకెళ్లాను. పన్నెండు నిమిషాలు చూశాడు. పోతరాజు మలుపు తిరగ్గానే నా చెయ్యి పట్టి మెట్ల వైపు లాగాడు. దిగిపోయాం.

నా భుజం దాకా వచ్చాడు. తిక్క రేగితే నా ఒక్కదాని చేతిలో ఆగడం లేదు. ఆపా పెద్దకొడుకు ఫోన్ నంబరు తలుపు పక్కన గోడ మీద రాసి పెట్టుకున్నాను.