అమావాస్యకును అనుదినమునకును ఒక్క కెమెరా

ఒకే వస్తువు రెండు ప్రయోజనములను నెరవేర్పవలసినప్పుడు, వానిలో ఏది దాని ఖరీదును మోయగలదో ముందుగా తేల్చుకొనుట గృహస్థునకు శ్రేయస్కరమని నా అనుభవము. నక్షత్రములను చిత్రింపవలయుననియు, ఇంటి శుభకార్యములకును పిల్లల ఆటపాటలకును అదియే ఉపకరింపవలయుననియు సంకల్పించి, లక్ష రూపాయలు విడిగా కూడబెట్టిన పిమ్మటనే నేను కెమెరా బేరమునకు దిగితిని.

హైదరాబాదు దీపకాంతులకు దూరముగా పోయినగాని పాలపుంత చక్కగా కానరాదు. పోయినను వెన్నెల లేని వేళలే అనుకూలములు. వానకాలమున ఆ రాత్రులను సైతము మబ్బులు హరించును. కావున ఖరీదును మోయవలసినది నిత్యోపయోగమే. నీహారికలలోని హైడ్రోజను వెలువరించు 656.3 నానోమీటర్ల యెఱ్ఱని కాంతిని సామాన్య కెమెరాలలో సెన్సరు ముందున్న ఫిల్టరు చాలవఱకు అడ్డగించును. దానిని మార్పించినచో నీహారికలు శోభించును గాని, పగటి చిత్రములు ఎఱుపెక్కి పెండ్లికూతురి మొగము రంగే చెడును. అందుచేత ఆ మార్పును నేను కోరలేదు.

ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36×24 మిల్లీమీటర్లది. ఏపీఎస్-సీ సెన్సరు సుమారు 23.5×15.6 మిల్లీమీటర్లది, వైశాల్యమున మొదటిది రెండింతలకు మించును. ఆ ఆధిక్యము సత్యమే, అయినను ఎఫ్/5.6 లెన్సుకు మాఱుగా ఎఫ్/2.8 లెన్సు తొడిగినచో అదే వ్యవధిలో సెన్సరుపై పడు వెలుగు నాలుగింతలగును. ఇది గ్రహించి, సొమ్ములో సగముతో వాడిన ఏపీఎస్-సీ కెమెరాను, తక్కిన సగముతో 16 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 లెన్సును, గాలికి కదలని ట్రైపాడును కొంటిని.

వాడిన కెమెరాకు డబ్బు చెల్లించుటకు ముందు, లెన్సు మూత పెట్టియే 20 సెకండ్ల చిత్రమొకటి తీసి, తెరపై పెద్దదిగా చేసి, ఆ చీకటిలో తెల్లని, ఎఱ్ఱని చుక్కలు విస్తారముగా మెఱయుచున్నవా యని పరిశీలించితిని. అవి సెన్సరు దోషములు, ఆకాశచిత్రమున నక్షత్రములవలె భ్రమ గొలుపును. భూభ్రమణముచేత నక్షత్రములు గీతలుగా సాగకుండుటకు, లెన్సు నాభ్యంతరమైన 16ను, సెన్సరు ఏపీఎస్-సీది కావున, 1.5తో హెచ్చించి, వచ్చిన 24తో 500ను భాగింతురు. నా లెన్సుకు 20 సెకండ్లే ఇంచుమించు హద్దు.

లెన్సు కొనునప్పుడు నో కాస్ట్ ఈఎంఐ సదుపాయము చూపిరి. ప్రాసెసింగ్ ఫీజును, దానిపై జీఎస్‌టీని, వదలుకొనవలసిన నగదు తగ్గింపును కూడి చూచి, రొక్కమే చెల్లించితిని.

క్రొత్త నమూనా వచ్చినంతనే పాత కెమెరా ధర పడిపోవును. మంచి లెన్సు విలువ అంత వేగముగా తఱుగదు. మౌంటు సరిపోలినచో రేపటి కెమెరాకును దానినే తొడుగవచ్చును. కావున మితధనుడైన ఔత్సాహికుడు మొదట లెన్సుకును ట్రైపాడుకును సొమ్ము కేటాయించి, మిగిలినదానితోనే కెమెరాను ఎన్నుకొనవలయును.